కత్తి పుట్టిన ఊరు

పిల్లలూ! హైదరాబాదులో చార్మినారు దగ్గర బయలుదేరి దక్షిణంగా పోతే చాంద్రాయణగుట్ట వస్తుంది. అది దాటి, బర్కస్ మీదుగా, శ్రీశైలం పోయే రోడ్డున మరికొంత దూరం సాగినట్టయితే ఒక రాతిగుట్ట కనిపిస్తుంది. అదే పహాడీ షరీఫ్. ‘పహాడ్’ అంటే కొండ, ‘షరీఫ్’ అంటే పవిత్రమైనది. గుట్ట మీద బాబా షర్ఫుద్దీన్ అనే సూఫీ మహాత్ముని దర్గా ఉన్నది. ఆయన పదమూడవ శతాబ్దంలో పశ్చిమాసియా నుంచి ఈ ప్రాంతానికి వచ్చారని చెబుతారు. మెట్లెక్కి పైకి పోయేవారిలో ముస్లిములూ ఉంటారు, హిందువులూ ఉంటారు. మొక్కు ఎవరిదైనా మెట్లు అవే.

పైన నిలబడి చూస్తే ఒకవైపు పాతబస్తీ ఇళ్ళు గుట్ట మొదలుదాకా పాకివచ్చినట్టుంటాయి. మరొకవైపు శంషాబాదు విమానాశ్రయం. 2008 మార్చిలో అది తెరిచినప్పటి నుంచి ఇక్కడి ఆకాశానికి తీరిక లేదు. ఒక విమానం దిగుతూండగానే మరొకటి లేస్తుంది. వాటిని లెక్కపెడుతూ కూర్చునే పిల్లలను నేను చాలాసార్లు చూశాను. కాని నేను ఈసారి మీకు చెప్పదలచినది విమానాల సంగతి కాదు, కత్తుల సంగతి.

మొక్కు తీరినవారు గుట్ట కింద కందూరు చేస్తారు. అంటే మేకనో గొర్రెనో కోసి, అక్కడే వండి, బంధువులకూ పేదలకూ భోజనం పెడతారన్నమాట. వంటవాళ్ళు పెద్ద పెద్ద డేగిసాలతో, గరిటెలతో, కత్తులతో సిద్ధంగా ఉంటారు. అలాటి వంటవాడొకడు గోనెపట్టా పరిచి దాని మీద మూడు కత్తులు పెట్టుకొని ఉల్లిగడ్డలు తరుగుతున్నాడు. నాకొక అలవాటున్నది. కత్తి కనిపిస్తే చాలు, పిడి దగ్గర అలుగు మొదట్లో ఏమైనా అక్షరాలున్నాయా అని వంగి చూస్తాను. అతడు నన్ను చూసి నవ్వాడు.

“కత్తి కోస్తదా లేదా అని చూడాలె గాని మాస్టర్ సాబ్, అది ఏ ఊళ్ళె పుట్టిందో ఎందుకు?” అన్నాడు.

ప్రశ్న బాగానే ఉన్నది. దానికి జవాబు నేను అక్కడికక్కడ చెప్పలేదు. ఇప్పుడు మీకు చెబుతాను, కొంచెం ఓపికగా వినండి.

ఆ మూడు కత్తులలో మొదటిది తళతళలాడే స్టెయిన్‌లెస్ స్టీలు కత్తి. దాని మీద చైనా అక్షరాలున్నాయి. రెండవది నల్లగా, బరువుగా ఉన్నది. దాని మీద అక్షరమన్నది లేదు. కొత్తూరులో ఒక కమ్మరి చేసి ఇచ్చాడట. మూడవది వంటవాడి తాతగారిది. సాన పట్టీ పట్టీ అలుగు సగానికి సగం అరిగిపోయింది. అయినా పిడి దగ్గర ఒక ఇంగ్లీషు పేరు చివరి సగం మిగిలి ఉన్నది. నేను దానిని గుర్తుపట్టాను. అది ‘షెఫీల్డు’.

తపాలా బిళ్ళలు సేకరించేవారు మీలో కొందరుంటారు. నాణేలు సేకరించేవారూ ఉంటారు. అలాగే లోకంలో కత్తులు సేకరించేవారు కూడా ఉన్నారు. కత్తులంటే యుద్ధాల కత్తులే కానక్కరలేదు. పెన్సిలు చెక్కే చాకు, పండ్లు కోసే చాకు, తోటమాలి వంపుకత్తి, జాలరి కత్తి, ఇవన్నీ సేకరించదగినవే. నా దగ్గరా కొన్ని చాకులున్నాయి. తల్లిదండ్రులకు ఒక మాట: 9 అంగుళాల కంటే పొడవైనా, 2 అంగుళాల కంటే వెడల్పైనా, ఇంటిపనికీ సేద్యానికీ వృత్తికీ సంబంధించని కత్తిని మన 1959 నాటి ఆయుధచట్టం, దాని నిబంధనలు ఆయుధంగా లెక్కకడతాయి. కాబట్టి పిల్లల సరదా చిన్న చాకులతో, అదీ పెద్దల ఎదుట, అలుగు మూసిపెట్టి తీర్చుకోవాలి.

సేకరించేవాడు ముందుగా చూసేది పదును కాదు, ముద్ర. మడిచే చాకు అయితే అలుగు తెరిచి, మడత దగ్గర ఉండే చిన్న చదును భాగం మీద చూస్తాడు. అక్కడ చేసినవారి గుర్తు, ఊరి పేరు, దేశం పేరు ఉంటాయి. ఆ అక్షరాల తీరును బట్టి, దేశం పేరు ఉన్నదా లేదా అనేదాన్ని బట్టి, ఆ చాకు ఏ కాలానిదో చాలావరకు చెప్పవచ్చు. ఎలాగో ఆ తాతగారి కత్తితోనే మొదలుపెడదాం.

షెఫీల్డు ఇంగ్లండులోని ఒక పట్టణం. చుట్టూ కొండలు. కొండల మీది నుంచి చిన్న చిన్న నదులు దిగుతాయి. వాటికి అడ్డుకట్టలు కట్టి, నీటి చక్రాలు తిప్పి, వాటితో సానరాళ్ళు తిప్పేవారు. సానకు పనికివచ్చే ఇసుకరాయి దగ్గరలోనే దొరికేది. బొగ్గు కూడా దగ్గరే. ఇన్ని అనుకూలాలున్న చోట కత్తులపని పెరగడంలో వింత ఏమున్నది? 1624 నాటికే అక్కడి కత్తులవారి సంఘానికి ఇంగ్లండు పార్లమెంటు చట్టం చేసి గుర్తింపునిచ్చింది. ఎవరి ముద్ర వారిది, ఒకరి ముద్ర మరొకరు వేయరాదు.

ఆ ఊళ్ళో జోసెఫ్ రాడ్జర్స్ కంపెనీవారుండేవారు. ఒక నక్షత్రం, ఒక శిలువ వారి ముద్ర. వాళ్ళు 1822లో ఒక విచిత్రమైన చాకును చేశారు. దానికి ఎన్ని అలుగులనుకున్నారు? సరిగ్గా 1822! ఆ తరువాత కూడా ఏడాదికొకటి చొప్పున చేర్చుతూ పోవాలని వారి ఉద్దేశం. దానితో ఉల్లిగడ్డ తరగడం మాత్రం ఎవరివల్లా కాదు.

అందమైన చాకు వెనుక అందం కాని సంగతి కూడా ఒకటి ఉన్నది, దాచకూడదు. పొడి సానరాళ్ళ మీద పనిచేసేవారు ఆ రాతిదుమ్ము పీల్చి పీల్చి, ఊపిరితిత్తులు చెడి, నడివయసు రాకముందే చనిపోయేవారు. వాళ్ళ పేర్లు ఏ అలుగు మీదా లేవు. కంపెనీ పేరు ఉన్నది.

షెఫీల్డు పేరు అంతగా మోగిపోయేసరికి ఏం జరుగుతుంది? మారుపేరు వాళ్ళు బయలుదేరుతారు. జర్మనీలో జోలింగెన్ అనే పట్టణం ఉన్నది. అక్కడ కూడా పూర్వం నుంచి కత్తులపనివారున్నారు, మంచి పనివారే. కాని పందొమ్మిదవ శతాబ్దంలో జర్మనీ నుంచి ‘షెఫీల్డు’ అని ముద్రవేసిన చవక సరుకు కూడా వచ్చేది. షెఫీల్డువారు గగ్గోలు పెట్టారు. దాంతో 1887లో ఇంగ్లండులో ఒక చట్టం వచ్చింది: విదేశీ సరుకు మీద ఇంగ్లీషు పేరో ముద్రో ఉన్నట్టయితే, అది ఏ దేశంలో తయారైందో కూడా స్పష్టంగా రాయాలి. ‘మేడిన్ జర్మనీ’ అనే మాట లోకంలో వ్యాపించింది అప్పుడే. ఆ మాట చూసి జనం ఆ సరుకును వదిలేస్తారని చట్టం చేసినవారు అనుకున్నారు. జరిగింది వేరు. జోలింగెన్ సరుకు బాగుండడంవల్ల జనం ఆ మాట ఉన్న చాకునే ఏరి ఏరి కొనసాగారు! చివరికి 1938లో జర్మనీవారే తమ ఊరి పేరును ఇతరులు వాడరాదని చట్టం చేసుకోవలసివచ్చింది.

స్విట్జర్లండులో మరొక తమాషా. ఆ దేశపు సైనికులకు 1891 ప్రాంతంలో కొత్తగా మడతచాకులు ఇచ్చారు. ఆ చాకులు ఎక్కడ తయారయ్యాయి? జోలింగెన్‌లో! కార్ల్ ఎల్సెనర్ అనే స్విస్ కత్తులపనివాడికి ఇది చిన్నతనంగా తోచింది. మన సైనికుడి చాకు మన దేశంలోనే తయారుకావాలని పట్టుబట్టి చేశాడు. జర్మనీవారి యంత్రాల ముందు ధరకు తట్టుకోలేక దాదాపు దివాలా తీశాడు. అయినా వదలక 1897లో మరింత తేలికైన, మరిన్ని పనిముట్లున్న చాకు చేశాడు. ఈనాడు స్విస్ చాకు అని ప్రపంచమంతా అడిగి కొనేది దాని సంతతినే.

సరే, చాకు ఎక్కడ తయారైందో ముద్ర చెబుతుంది. మరి ఆ చాకులోని ఉక్కు? దాని సంగతి ముద్ర చెప్పదు. ఇక్కడే అసలు కథ ఉన్నది.

షెఫీల్డుకు అంత పేరు తెచ్చిన ఉక్కును 1740 ప్రాంతంలో కనిపెట్టినవాడు బెంజమిన్ హంట్స్‌మన్ అనే గడియారాలవాడు. మంచి స్ప్రింగుల కోసం వెతికి వెతికి, మట్టిమూసలో ఉక్కును పెట్టి పూర్తిగా కరిగించే పద్ధతి సాధించాడు. మూస అంటే కంసాలి బంగారం కరిగించే చిన్న మట్టిపాత్ర వంటిది. యూరపుకు అది కొత్త. కాని మన దేశానికి ఎంతమాత్రం కొత్త కాదు. అప్పటికే వందల ఏళ్ళుగా మూసల్లో ఉక్కు తీస్తున్న ఊళ్ళు దక్షిణదేశంలో ఉన్నాయి. వాటిలో ఒకదాన్ని చూడాలంటే మనం పహాడీ షరీఫ్ నుంచి బండి తిప్పుకొని, హైదరాబాదు దాటి, ఉత్తరంగా నిజామాబాదు జిల్లాకు పోవాలి.

అక్కడ, గోదావరికి దక్షిణాన, కమ్మరపల్లి ఉన్నది. పేరులోనే కమ్మరి ఉన్నాడు చూశారా? ఆ ప్రాంతంలోనే కోనసముద్రం అనే పల్లె ఉన్నది. కోనసముందర్ అని కూడా అంటారు. ఈనాడు చూస్తే మామూలు పల్లె. కాని రెండువందల ఏళ్ళ క్రితం, ఆ ఊరి ఉక్కు కోసం ఇరాన్ దేశంలోని ఇస్ఫహాన్ నుంచి వర్తకులు వచ్చి మకాం వేసేవారు.

ఈ మాట నేను కల్పించి చెప్పడం లేదు. 1820 ప్రాంతంలో హెన్రీ వాయిసీ అనే ఇంగ్లీషు వైద్యుడు ఆ ఊరు పోయి, కళ్ళారా చూసి రాసిపెట్టాడు. దేశమంతా కొలిచే సర్వే దండుతో వచ్చిన ఆయన వైద్యం కంటే రాళ్ళను పరిశీలించడమే ఎక్కువగా చేశాడు. 1824లో చిన్నవయసులోనే చనిపోయాడు. ఆయన రాసినది 1832లో అచ్చయింది. అక్కడ కలిసిన ఇరాన్ వర్తకుడు ఆయనతో ఒక మాట చెప్పాడట. ఇటువంటి ఉక్కును తమ దేశంలో చేయాలని ప్రయత్నించి చూశారనీ, సాధ్యం కాలేదనీ!

ఏమిటి ఆ ఉక్కు విశేషం? ఇనుప రాతిని బొగ్గులతో కలిపి కొలిమిలో కాల్చితే ఇనుము వస్తుంది. అది మెత్తనిది. వంచితే వంగుతుంది, పదును నిలవదు. దానికి బొగ్గులో ఉండే కర్బనం కొద్దిగా పట్టిస్తే గట్టిపడి ఉక్కవుతుంది. నూరుపాళ్ళ ఇనుముకు ఒకటిన్నర పాలు కర్బనం చేరితే చాలు, దాని స్వభావమే మారిపోతుంది. కాని ఆ కర్బనం అంతటా సమంగా పట్టాలంటే ఇనుము కరగాలి. స్వచ్ఛమైన ఇనుము కరగడానికి 1538 డిగ్రీల సెంటిగ్రేడు వేడి కావాలి. తోలుతిత్తులు ఊది అంత వేడి తేవడం కష్టం. మనవాళ్ళు చేసిన ఉపాయం ఏమిటంటే, ఇనుమును మూసలో పెట్టి, కర్బనాన్నిచ్చే వస్తువులు కూడా ఉంచి, గాలి పోకుండా మట్టితో మూసివేశారు. కర్బనం పట్టినకొద్దీ ఇనుము తక్కువ వేడికే కరుగుతుంది. మైసూరు, సేలం వైపు మూసలో ఏం వేసేవారో తెలుసునా? తంగేడు కట్టెముక్కలు, జిల్లేడు ఆకులు! బతుకమ్మలో మీరు పేర్చే ఆ తంగేడే. కోనసముద్రంలో పద్ధతి కొంత వేరు. రెండు చోట్ల నుంచి తెచ్చిన రెండు రకాల ఇనుమును పాళ్ళ ప్రకారం కలిపేవారు. ఆ పాళ్ళు తెలిసినవాడే ఉక్కు తీసేవాడు.

మూస కూడా తక్కువది కాదు. ఒక పగలూ రాత్రీ తిత్తులు ఆపకుండా ఊదుతూంటే, ఆ మంటకు అది పగలకుండా నిలవాలి. మట్టిలో వరిపొట్టు కలిపి మూసలు చేసేవారు. కాలినప్పుడు పొట్టు మాడి బొగ్గవుతుంది. పొట్టులో సహజంగా ఉండే సిలికా మూసగోడకు ఎముకలవలె బలమిస్తుంది. చెత్త అని పారవేసే వరిపొట్టు ఎంత పని చేసిందో చూడండి. చివరికి మూస చల్లారాక పగలగొడితే, లోపల గుండ్రని ఉక్కుముద్ద.

ఆ ముద్దలు ఎడ్లబండ్ల మీద, ఓడల మీద పడమటికి పోయేవి. గోలకొండ రాజ్యంలోని ఈ ఉక్కుతోనే పేరుపొందిన కత్తులు తయారవుతాయని పదిహేడవ శతాబ్దపు ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే రాశాడు. ఇరాన్ కమ్మరులు ఆ ముద్దను సన్నసెగ మీద ఓపికగా సాగగొట్టి కత్తి చేసేవారు. మెరుగుపెట్టి పులుసుతో కడిగితే అలుగు మీద నీటి అలలవంటి గీతలు తేలేవి. ఆ గీతలను చూసి యూరపువారు అబ్బురపడ్డారు. వారికి ఆ కత్తులు సిరియాలోని డమాస్కస్ బజారులో కనబడ్డాయి. అందుచేత వాటికి ‘డమాస్కస్ కత్తులు’ అని పేరు పెట్టారు. చేసినది ఇస్ఫహాన్ కమ్మరి అయితే అతని ముద్ర పడింది. అమ్మినది డమాస్కస్ అయితే ఆ ఊరి పేరు నిలిచింది. ఉక్కు తీసిన కోనసముద్రం పేరు మాత్రం ఎక్కడా పడలేదు!

హైదరాబాదు వచ్చినప్పుడు మూసీ ఒడ్డున సాలార్జంగ్ మ్యూజియంకు తప్పక పొండి. మూడవ సాలార్జంగ్, అంటే మీర్ యూసుఫ్ అలీఖాన్, తన జీవితమంతా సేకరించిన వస్తువులవి. ఆయన 1949లో పోయారు, మ్యూజియం 1951లో తెరిచారు. అక్కడ పచ్చరాతి పిడితో, రత్నాలు తాపడం చేసిన నూర్జహాన్ పండ్లచాకు ఉన్నది. జహంగీరు బాకు ఉన్నది. అందరూ పిడిలోని రాళ్ళ కోసం ఎగబడి చూస్తారు. నేను పోయినప్పుడల్లా పక్క గదుల్లోని కత్తుల అలుగుల దగ్గర నిలబడతాను. వెలుతురు ఏటవాలుగా పడేటట్టు తల కాస్త వంచి చూడండి, కొన్నింటి మీద ఆ నీటి అలల గీతలు కనబడతాయి.

మన ‘ఉక్కు’ అనే మాటకు కూడా ఒక ప్రయాణం ఉన్నది. 1794లో హెలెనస్ స్కాట్ అనే వైద్యుడు బొంబాయి నుంచి కొన్ని ఉక్కుముద్దలు లండనులోని రాయల్ సొసైటీ అధ్యక్షునికి పంపాడు. తెలుగులోనూ కన్నడంలోనూ ఉన్న ‘ఉక్కు’ ఇంగ్లీషువారి నోటబడి ‘వూట్జ్’ అయింది. మరుసటి ఏడాది దాని మీద పరిశోధన వ్యాసం వెలువడింది. కొన్నేళ్ళకు మైకేల్ ఫారడే దానిని పట్టుకున్నాడు. డైనమో కనిపెట్టిన ఫారడేయే. ఆయన కమ్మరి కొడుకు, ఇనుమంటే పుట్టుకతోనే తెలుసు. స్టోడార్ట్ అనే లండను కత్తులపనివాడితో కలిసి ఆ ఉక్కులో ఏమున్నదో తేల్చాలని ఎన్నో ప్రయోగాలు చేశాడు. అందులోని అల్యూమినియం వల్లనే ఆ గుణం వస్తున్నదని అనుకున్నాడు. అది నిజం కాదు. అయినా ఉక్కులో ఇతర లోహాలు కలిపి చూసే శాస్త్రం ఆ ప్రయోగాలతోనే ఊపందుకున్నది. ఇంతకాలానికి, 1990 తరువాత, అమెరికాలో వెర్‌హోవెన్ అనే లోహశాస్త్రవేత్త, పెండ్రే అనే కమ్మరి కలిసి ఆ అలల గీతలను మళ్ళీ రప్పించారు. ఇనుప రాతిలో సహజంగా రవ్వంత ఉండే వెనేడియం వంటి లోహాలే అందుకు కారణమని వారు చెప్పారు. 2006లో జర్మనీ శాస్త్రజ్ఞులు ఒక పాత డమాస్కస్ కత్తిముక్కను పరీక్షించి, అందులో వెంట్రుకకన్నా వేలరెట్లు సన్నని కర్బనపు గొట్టాలు కనుగొన్నారు.

ఇంత గొప్ప పని ఎందుకు ఆగిపోయింది? ఒక్క కారణం కాదు. తుపాకులు వచ్చాక కత్తులు అడిగే రాజులు తగ్గారు. ఇరాన్ వర్తకులు రావడం మానేశారు. ఇక్కడ ఒక్క ఉక్కుముద్ద తీయడానికి ఒక పగలూ రాత్రీ పట్టేది, బండ్లకొద్దీ బొగ్గులు కాలేవి. ఇంగ్లండులో 1856లో బెస్సెమర్ పెట్టిన కొలిమిలో కొద్ది నిమిషాల్లో టన్నులకొద్దీ ఉక్కు తయారయ్యేది. రైళ్ళు ఆ చవక సరుకును మన సంతలదాకా మోసుకొచ్చాయి. కోనసముద్రం మూసలు చల్లారిపోయాయి. పాళ్ళు తెలిసినవారు పాళ్ళు చెప్పకుండానే పోయారు. అలా షెఫీల్డు కత్తి మన వంటవాడి తాతగారి చేతికి వచ్చింది.

కోనసముద్రం వైపు పొలాల్లో ఈనాటికీ నల్లని చిట్టెపురాళ్ళు, పగిలిన మూసపెంకులు దొరుకుతాయి. 2010లో బెంగుళూరు నుంచి, ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం నుంచి పరిశోధకులు వచ్చి ఉత్తర తెలంగాణ పల్లెల్లో తిరిగి, అలాటి చోట్లు గుర్తించారు. పొలం చదును చేసినప్పుడూ, రోడ్డు వేసినప్పుడూ ఆ కుప్పలు చెదిరిపోతాయి. మీ ఊళ్ళో తేలికగా, బుడగలు బుడగలుగా ఉండే నల్లరాయి గుట్టలు కనబడితే తవ్వి ఇంటికి తేకండి. ఉన్నచోట ఉంటేనే దానికి విలువ. మీ మాస్టరుగారికి చూపించండి.

ఇక చైనా కత్తి సంగతి. షెఫీల్డుకు కూడా శాశ్వతం కాలేదు. తమాషా ఏమిటంటే తుప్పుపట్టని ఉక్కును లోకానికి అందించింది ఆ ఊరే. 1913లో హ్యారీ బ్రేర్లీ తుపాకి గొట్టాలకోసం ప్రయత్నిస్తూ, నూటికి సుమారు 13 పాళ్ళు క్రోమియం కలిపిన ఉక్కు తుప్పుపట్టదని గ్రహించాడు. ఇప్పుడు ఆ ఉక్కుతోనే కత్తులు చేసి ప్రపంచానికి అమ్మేది చైనా దక్షిణతీరాన ఉన్న యాంగ్‌జియాంగ్. జపాన్‌లో సెకి అనే ఊరిది మరొక దారి. అది ఏడువందల ఏళ్ళుగా ఖడ్గాలకు పేరు. 1876లో జపాన్ ప్రభుత్వం జనం ఖడ్గాలు ధరించడం నిషేధించగానే అక్కడి కమ్మరులు వంటకత్తులకు, మంగలికత్తులకు మళ్ళారు. పని మారింది, కొలిమి ఆరలేదు. మన కోనసముద్రానికి ఆ అవకాశం ఎందుకు దక్కలేదా అని నేను చాలాసార్లు ఆలోచించాను. బహుశా సెకివారు కత్తులు చేసేవారు, మనవాళ్ళు కత్తికి ఉక్కు మాత్రం ఇచ్చేవారు. కొనేవాడు రావడం మానేస్తే ముద్దను ఎవరు కోసుకొని తింటారు?

గుట్ట దిగి తిరిగి నగరంవైపు వచ్చేటప్పుడు బర్కస్‌లో ఆగండి. నిజాం కొలువులో పనిచేయడానికి యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బు సైనికుల బారకాసులు అక్కడ ఉండేవి. ‘బారక్స్’ అనే ఇంగ్లీషు మాటే ‘బర్కస్’ అయింది. అక్కడి జామకాయలు తీపి, హరీస్ రుచి. ఆ సైనికుల నడుముకు ‘జంబియా’ అనే వంపు బాకు ఉండేది. ఆ బాకునే చూడండి. అలుగు ఒకచోట కొట్టినది. పిడికి ఆఫ్రికా ఖడ్గమృగం కొమ్ము. ఒరమీది వెండిపని యెమెన్‌లోని యూదు కంసాలులది. ఒక్క బాకుకు ఎన్ని ఊళ్ళు! ఆ కొమ్ముల మోజుకు ఆఫ్రికాలో ఖడ్గమృగాలు వేలకొద్దీ చచ్చాయి. యెమెన్ 1982లో వాటి దిగుమతిని నిషేధించింది. ఇటీవలి కాలంలో చైనాలో చేసిన చవక జంబియాలు యెమెన్ బజార్లకు కూడా వచ్చాయి.

బర్కస్‌కు దగ్గరలోనే కాంచనబాగ్‌లో మిశ్రధాతు నిగమ్ ఉన్నది. 1973లో పెట్టిన ప్రభుత్వ కర్మాగారం. రాకెట్లకూ విమానాలకూ కావలసిన ప్రత్యేకమైన ఉక్కులు, టైటానియం అక్కడ తయారవుతాయి. విమానం ఎక్కేటప్పుడు చేతిసంచిలో చిన్న చాకును కూడా తీసుకుపోనివ్వరు గదా! కాని ఆ విమానం నేలకు దిగేటప్పుడు దాని బరువంతా మోసే కాళ్ళు మేలైన ఉక్కువే. కోనసముద్రం ముద్ద చిన్నది. ఇక్కడి దిమ్మెలు టన్నులబరువు. ఏ లోహం ఎన్ని పాళ్ళు కలపాలన్న ప్రశ్న మాత్రం రెండుచోట్లా ఒకటే. ఇప్పుడు దానిని కాగితం మీద రాసిపెడుతున్నారు.

ఇక మిగిలినది ఆ నల్లకత్తి, అక్షరం లేనిది. దాని కోసం నేను కొత్తూరు పోయాను. కమ్మరి కొలిమి ముందు కూర్చుని లారీ కమాను పట్టీని ఎర్రగా కాల్చి, దాగలి మీద పెట్టి కొడుతున్నాడు. ఇప్పుడు పల్లెకమ్మరులకు ఉక్కు అదే. పాత ఇనుప సామాను అంగడిలో తూకానికి కొనుక్కుంటారు. ఏదో ఉక్కు ఫ్యాక్టరీలో పుట్టి, లారీ కింద ఎన్ని రోడ్లో తిరిగి, ఇక్కడికి వచ్చి కత్తి అవుతున్నది.

“ఇంత మంచి పని చేస్తున్నావు గదా, నీ పేరు ముద్ర వేయరాదా?” అని అడిగాను.

అతడు సుత్తె ఆపకుండానే, “ముద్ర ఎందుకు సారూ? పదును పోతే వాళ్ళే నా ఇంటికి వస్తరు” అన్నాడు.

అది విన్నాక నాకు ఒక సంగతి తట్టింది. చేసినవాడూ వాడేవాడూ ఒకరినొకరు ఎరిగి ఉన్నంతకాలం ముద్ర అవసరం లేదు. కత్తి ఊరు దాటినప్పుడే దానికి పేరు కావలసివస్తుంది. కోనసముద్రం ఉక్కు సముద్రాలు దాటింది గాని, దానిని తీసినవాడు పక్క ఊరి కమ్మరికి అమ్మినట్టే పేరు లేకుండా అమ్మాడు.

అతని దగ్గర ఒక చిన్న పండ్లకత్తి చేయించుకున్నాను. నా దగ్గరున్న ప్రతి చాకుకూ ఒక అట్టముక్క కట్టి వివరాలు రాసిపెడతాను. దీనికీ కట్టాను: ‘ఉక్కు, లారీ కమాను పట్టీ. అలుగు, కొత్తూరు. పిడి, తుమ్మకర్ర, అదే ఊరు. సాన, అతని కొడుకు.’ పేరు రాసుకుంటానంటే ముందు నవ్వాడు. తరువాత కొలిమి దగ్గర నుంచి లేచివచ్చి, చేతులు కడుక్కొని, అట్ట మీద తానే రాశాడు. రెండవ అక్షరం దగ్గర ఆగి, ఒత్తు ఉన్నదా లేదా అని నన్ను అడిగాడు.